మత్తు డాక్టరమ్మ రూపాబాయి

ఆపరేషన్ అనగానే కోసే డాక్టరెవరు, హస్తవాసి మంచిదేనా అని ఊరంతా వాకబు చేస్తాం. మత్తు ఇచ్చేదెవరని అడిగినవాళ్లని నేనైతే మా జక్రాన్‌పల్లిలో ఇంతవరకూ చూడలేదు. ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ మాత్రం మన హైదరాబాదీయే!

పార్శీల అమ్మాయి. ఆడపిల్ల గడప దాటడమే గగనమైన 1885లో, హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరిన ఐదుగురు ఆడవాళ్లలో ఒకరు. 1889లో హకీం పట్టా అందుకున్నారు. అక్కడి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫాం మీద మహా గురి. అది ముందు ఆపేది గుండెనా, ఊపిరినా అని అప్పట్లో డాక్టర్ల మధ్య పెద్ద తగాదా. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఖర్చు భరించి 1888లో ఒకటి, 1889లో ఒకటి కమిషన్లు వేయించారు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ వచ్చారు. పాపం, ఎన్ని కుక్కలు, ఎన్ని కోతులు బలయ్యాయో! ముందు ఆగేది ఊపిరే, దాన్నే కనిపెట్టుకుని ఉండాలని తేల్చారు. అది సగం నిజమే. క్లోరోఫాం కొద్దిగా ఇచ్చినా గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చని 1911లో గూడ్‌మన్ లెవీ చూపించారు.

రూపాబాయి చదువు ఈ తగాదాల మధ్యే సాగింది. తర్వాత అఫ్జల్‌గంజ్, రెసిడెన్సీ ఆస్పత్రుల్లో ఏళ్ల తరబడి క్లోరోఫాం ఇచ్చారు. ఇప్పటి మానిటర్లు అప్పుడేవీ? కళ్లూ చెవులే ఆధారం. రక్తం గ్రూపుల సంగతి 1901లో లాండ్‌స్టెయినర్ చెప్పేదాకా ఎవరి రక్తం ఎవరికి సరిపోతుందో కూడా తెలీదు. అంటే ఆమె తొలి పేషెంట్లంతా రక్తం సీసా భరోసా లేకుండానే బల్లెక్కారన్నమాట.

ఈమధ్య ఈ సంగతే పదేపదే గుర్తొస్తోంది నాకు. మా పెద్దాడపడుచుకి గుండె వాల్వు మార్చాలన్నారు. షుగరుంది, కిడ్నీలూ అంతంతమాత్రమే. తన విశ్వాసం కొద్దీ రక్తం మాత్రం ఎక్కించుకోనంటుంది. ఇంట్లో ఒకటే గొడవ. ఒళ్లు ఆమెది, మాటా ఆమెదే చెల్లాలని నేనంటాను. మత్తు డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. ముందు కొన్ని వారాలు ఐరన్, ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లతో హిమోగ్లోబిన్ పెంచుతారట. పరీక్షలకి తీసే రక్తం కూడా పసిపిల్లలకి తీసినంతే. ఆపరేషన్లో రక్తస్రావం తగ్గించడానికి ట్రానెక్సామిక్ యాసిడ్ ఇస్తారు. కారిన రక్తాన్ని సెల్ సేవర్ మిషన్లో కడిగి తిరిగి ఆమె ఒంట్లోకే పంపిస్తారు. దీనికి కొందరు ఒప్పుకుంటారు, కొందరు ఒప్పుకోరు కాబట్టి ముందే అడిగి రాయించుకుంటారు. హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ 1962 నుంచే రక్తం ఎక్కించకుండా గుండె, రక్తనాళాల ఆపరేషన్లు చేశారు, 1977 నాటికి అలాంటివి 542 అని ప్రకటించారు. ప్రమాదం లేదని కాదు. హిమోగ్లోబిన్ మరీ పడిపోతే చేతిలో ఉండే దార్లు తక్కువ, ఆ మాట కూడా దాచకుండా చెప్పింది.

రూపాబాయి పట్టాతో సరిపెట్టుకోలేదు. మత్తిచ్చేవాళ్లకి వాయువుల గుణం తెలియాలి కదా! ఇరవై ఏళ్ల అనుభవం తర్వాత, 1909లో, ఎడిన్‌బరో వెళ్లి ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివారు. తిరిగొచ్చి మళ్లీ హైదరాబాద్ ఆస్పత్రుల్లోనే పనిచేసి, 1920లో చాదర్‌ఘాట్ ఆస్పత్రి సూపరింటెండెంటుగా రిటైరయ్యారు.