యల్లాప్రగడ సుబ్బారావు: కండరం గుట్టు విప్పిన తెలుగోడు.. మోటార్ న్యూరాన్ వ్యాధికీ ఆయనకూ లింకేంటి?

అమరావతి: గుంటూరు మిర్చి యార్డులో హమాలీ టిక్కీని ఒక్క ఊపున భుజానికెత్తుకుంటాడు. ఆ క్షణంలో కండరానికి శక్తి ఎక్కడి నుంచి వస్తుంది? ఈ ప్రశ్నకు దాదాపు వందేళ్ల కిందటే జవాబు వెతికిన శాస్త్రవేత్త మన యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇద్దరు సోదరులను స్ప్రూ అనే పేగుల జబ్బు బలితీసుకుంది. మద్రాసులో మెడిసిన్ చదువుతూ గాంధీజీ పిలుపుతో ఖద్దరు కట్టారు. అది తెల్ల ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది.

మామగారు, కాకినాడ సత్యలింగ నాయకర్ ట్రస్టు ఇచ్చిన డబ్బుతో అమెరికా వెళ్లారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927లో ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని కండరంలో గుర్తించారు. ఏటీపీ కండరానికి ఇంధనం. అది ఖర్చవుతుంటే వెంటనే నింపే రిజర్వ్ ట్యాంకు ఫాస్ఫోక్రియాటిన్.

ఇంత చేసినా హార్వర్డ్ పర్మినెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లే కంపెనీలో చేరారు. అక్కడ ఆయన టీమ్ ఫోలిక్ యాసిడ్‌ను ల్యాబ్‌లో తయారుచేసింది. సోదరులను మింగిన స్ప్రూకు అదే మందైంది! బోదకాలుకు వాడే డీఈసీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆ ల్యాబ్ నుంచే వచ్చాయి.

మరి మోటార్ న్యూరాన్ వ్యాధి సంగతేంటి? మెదడు, వెన్నుపాము నుంచి కండరాలకు ఆర్డర్లు మోసే నరాల కణాలు ఈ జబ్బులో చనిపోతుంటాయి. ఇంధనం ఉన్నా ఆర్డర్ అందక కండరం కరిగిపోతుంది. సుబ్బారావు చూపిన దారిలోనే ఆలోచించి డాక్టర్లు రోగులకు క్రియాటిన్ ఇచ్చి చూశారు. ఫలితం రాలేదు. మరోవైపు నరం, జన్యువు మీద కూడా పరిశోధన సాగింది.

ఎస్ఓడీ1 జన్యువులో లోపం ఉన్నవాళ్ల కోసం టోఫర్‌సెన్ అనే మందుకు 2023 ఏప్రిల్‌లో అమెరికా అనుమతి ఇచ్చింది. దీన్ని నడుము దగ్గర వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఎక్కిస్తారు. అయితే అలాంటి లోపం ఉన్నది కొద్దిమందికే. మిగతావాళ్లకు జబ్బు వేగాన్ని కొంత తగ్గించే మందులే దిక్కు.

సుబ్బారావు 1948 ఆగస్టులో 53 ఏళ్లకే న్యూయార్క్‌లో కన్నుమూశారు. మళ్లీ సొంతగడ్డ చూడలేదు. సోదరులు పోయిన చాలా ఏళ్లకు స్ప్రూకు మందు దొరికింది. మోటార్ న్యూరాన్ బాధితుల కుటుంబాలు కూడా ఇప్పుడు అలాంటి రోజు కోసమే ఎదురుచూస్తున్నాయి.