పునీత బెర్నార్డు - మంచు కనుమలో తెరచిన తలుపు

క్రిస్మసు రోజుల్లో తెల్లవారుజామున గుడికి నడిచే దారిలో కమ్ముకునే పొగమంచే మనకు తెలిసిన మంచు. పొద్దెక్కితే అది పోతుంది. ఐరోపాలోని ఆల్ప్స్ పర్వతాలలో అలా కాదు. అక్కడ మంచు నెలల తరబడి పేరుకొని, ఒక్క క్షణంలో జారి మనుష్యులను పూడ్చివేస్తుంది. అటువంటి చోట బాటసారులకోసం ఇల్లు కట్టించిన పునీత బెర్నార్డు గారి జీవితాన్ని ఈ వారం తెలుసుకుందాం.

ఆయన 11వ శతాబ్దపు గురువు. నేటి ఇటలీలోని ఆవోస్తా పట్టణంలో పీఠాధిపతికి తోడుగా ఆర్చ్‌డీకన్ బాధ్యతలో ఉండేవారు. ఉత్తర దేశాలనుండి రోమునగరానికి వెళ్ళే యాత్రికులు, వర్తకులు ఆవోస్తా పైనున్న కనుమ దాటి రావాలి. దాని ఎత్తు సుమారు 2,470 మీటర్లు. దారిలో దొంగల భయం, చలి, మంచు చరియలు. బయలుదేరిన వారందరూ దిగివచ్చేవారు కారు.

బెర్నార్డు గారు తన పట్టణంలోనే ఒక సత్రం కట్టించి ఊరుకోవచ్చు. కాని సుమారు 1050లో ఆ కనుమ మీదనే ఆశ్రమం స్థాపించారు. అది ఎంత సరైన పనో మంచు స్వభావం తెలిస్తే మనకు అర్థమవుతుంది.

చలికాలం మొదట్లో పడే మంచు పలుచగా ఉంటుంది. కింద నేలలో ఇంకా కొంత వెచ్చదనం ఉంటుంది. పైన గాలి మాత్రం గడ్డకట్టే చలి. ఈ తేడావల్ల కింది మంచులోని ఆవిరి పైకి లేస్తూ, రేణువులను పంచదార పలుకుల్లా మార్చివేస్తుంది. అవి ఒకదానినొకటి పట్టుకోవు. ఆ తరువాత పెద్ద మంచు కురుస్తుంది. గాలి దానిని గట్టి పలకలా పేర్చుతుంది. పైకి అంతా తెల్లగా, నిశ్చలంగా కనబడుతుంది. అడుగున పట్టు ఉండదు. 30 నుండి 45 డిగ్రీల వాలులో ఒక్క మనిషి బరువుకే ఆ పలక విరిగి జారిపోవచ్చు. పూడినవారిని 10, 15 నిమిషాలలో బయటికి తీస్తే చాలామంది బ్రతుకుతారు. అరగంట దాటితే ఎక్కువమందికి ఊపిరి అందదు. లోయలోనుండి సహాయం ఎక్కి రావాలంటే గంటలు పడుతుంది. అందుకే ఇల్లు అక్కడే ఉండాలి.

బెర్నార్డు గారు 1080వ దశకంలో నొవారా నగరంలో కన్నుమూశారు. పునీత అగస్టీను నియమావళిని పాటించే గురువులు ఆయన పనిని కొనసాగించారు. చలికాలంలో కనుమకు ఇరువైపులా దిగి, బాటసారులకు ఎదురు వెళ్ళి, దారి చూపి తీసుకువచ్చేవారు. 17వ శతాబ్దం చివరినుండి వారి దగ్గర పెద్ద కుక్కలు కూడా ఉన్నాయి. వాటిలో బ్యారీ అనేది 40 మందికి పైగా ప్రాణాలు కాపాడిందని ప్రసిద్ధి. అది 1814లో చనిపోయింది.

1923లో 11వ పయస్ పోపుగారు బెర్నార్డు గారిని ఆల్ప్స్ వాసులకు, పర్వతారోహకులకు పాలక పునీతునిగా ప్రకటించారు. ఆ పోపుగారు కూడా యౌవనంలో ఆ శిఖరాలెక్కినవారే. 1964లో కొండ కింద సొరంగ మార్గం తెరిచారు. పై రోడ్డు చలికాలమంతా మూసే ఉంటుంది. అయినా మంచుమీద నడిచి వచ్చేవారి కొరకు ఆశ్రమం తలుపు నేటికీ తెరిచే ఉంటుంది.

ప్రియ పాఠకులారా, మన విచారణలోనూ పైకి నిశ్చలంగా కనబడే కుటుంబాలున్నాయి. పెళ్ళయిన కొత్తలో మింగిన ఒక మాట, ఎవరికీ చెప్పని ఒక అప్పు అడుగున పలుచని పొరలా ఉండిపోతుంది. దానిమీద ఏండ్లు పేరుకుంటాయి. ఒకరోజు చిన్న మాటకే అంతా కూలుతుంది. అప్పుడు దూరపు బంధువులు బయలుదేరి వచ్చేసరికి ఆలస్యమవుతుంది. పక్కింటివారే దిక్కు.

కొన్ని ఆదివారాలుగా పూజకు రాని కుటుంబం మీ వీధిలో ఉందా? కబురు వచ్చేదాకా ఆగవద్దు. బెర్నార్డు గారి బిడ్డలు ఎదురు వెళ్ళినట్లు మనమూ వెళదాం. ఆ పునీతుని వేడుదల మనకు తోడగును గాక.