చూడడం నేర్పిన విభాగానికి వందనం

వడోదర (బరోడా)లోని మహారాజా సయాజీరావ్ విశ్వవిద్యాలయం 1949లో మొదలైంది. 75 ఏళ్లు దాటిన ఈ వేళ అందులో ఒక విభాగానికి నేను ప్రత్యేకంగా అభినందనలు చెప్పుకోవాలి. ఒకప్పుడు శిశు వికాస విభాగం అనేవారు, ఇప్పుడు మానవ వికాసం, కుటుంబ అధ్యయనాల విభాగం. నేను అక్కడ చదవలేదు. మన దగ్గరే హోంసైన్స్ చదివాను. అయినా నా చదువుకు పుట్టిల్లు అదే అనుకుంటాను.

ఆ విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ హంసా మెహతా. విశ్వ మానవ హక్కుల ప్రకటన మొదటి అధికరణంలో పురుషుల్నే సూచించే మాట తీయించి 'మనుషులందరూ' అని పెట్టించింది ఆవిడే. హోంసైన్స్ అంటే వంటా, కుట్లూ అల్లికలేగా అనే రోజుల్లో, పసిపిల్లల ఎదుగుదల అక్కడ డిగ్రీ చదువైంది. పిల్లల్ని ఎదురుగా చూసి నేర్చుకోవడానికి విభాగానికి చేతన్ బాలవాడి అనే సొంత బడి ఉంది.

చూడడం ఎంత కష్టమో నాకు మొదటి ప్రాక్టికల్‌లోనే తెలిసింది. రికార్డులో "బాబు మొండికేశాడు" అని రాశాను. మేడమ్ ఎర్ర సిరాతో కొట్టేసి, "మొండితనం నీకెక్కడ కనిపించిందమ్మా? చూసింది రాయి" అన్నారు. మళ్లీ రాశాను: "బంతి ఇవ్వబోతే తల తిప్పుకున్నాడు. గుమ్మం వైపు మూడుసార్లు చూశాడు." అలా రాశాక గానీ తట్టలేదు, వాడు వాళ్లమ్మ కోసం చూస్తున్నాడని.

బరోడాలో ఆ విభాగం చేసిన పనిలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ప్రమీలా ఫాటక్ గారి కృషి. అమెరికాలో నాన్సీ బేలీ తయారుచేసిన పరీక్షల్ని తెచ్చి, అక్కడి లెక్కలతోనే మన పిల్లల్ని తూచేస్తే సరిపోతుందని ఆవిడ అనుకోలేదు. బరోడా పసివాళ్లను నెల వయసు నుంచి 30 నెలల దాకా పరీక్షించి, ఏ పని ఏ నెలకు వస్తుందో మన పిల్లల్ని బట్టే తేల్చారు. ఎర్ర రింగు వెంట కళ్లు తిరుగుతున్నాయా, కప్పు కింద దాచిన బొమ్మను కప్పు ఎత్తి తీసుకుంటోందా... అలాంటివి కదలికల్లో 67, మానసిక వికాసంలో 163. ఆ బరోడా లెక్కల్లోంచే 17 అంశాలు ఏరి తిరువనంతపురం డాక్టర్లు ఒక్క కాగితం మీద చార్టు చేశారు. రెండేళ్ల లోపు పిల్ల వయసు దగ్గర పెన్సిలు నిలువుగా పెట్టి, దానికి ఎడమవైపున్నవన్నీ చేస్తోందో లేదో చూడాలి. ఏదైనా చేయడం లేదంటే డాక్టరుకు చూపించాలని అర్థం. ఎంత పెద్ద చదువు, ఎంత చిన్న కాగితంలో ఒదిగిందో!

ఆ విభాగంలో పాఠాలు చెప్పినవారికి, చెబుతున్నవారికి, పరీక్షలకు పిల్లల్ని ఎత్తుకొచ్చిన బరోడా తల్లులకు మనస్ఫూర్తిగా అభినందనలు. ఇంటర్ అయిన మీ అమ్మాయో అబ్బాయో శిశు వికాసం చదువుతానంటే, దయచేసి వద్దనకండి.