ఏనుగుల వీరాస్వామయ్య

కాశికి పోయినవాడును కాటికి పోయినవాడును ఒక్కటే యని పూర్వము మన పెద్దలు చెప్పుకొనెడివారు. అది వట్టిమాట కాదు. మన దేశమున 1853వ సంవత్సరమునకు ముందు ప్రయాణికులకు రైళ్లు లేవు. కాశికి పోవువారు నెలల తరబడి అడవులను, కొండలను, నదులను దాటవలసియుండెను. దొంగలు, మృగములు, గాలివానలు, వరదలు వారిని భయపెట్టుచుండెను. అట్టి మార్గమున పోయి, క్షేమముగా తిరిగివచ్చి, తరువాతివారికి దారి చూపిన తెలుగువాడు ఏనుగుల వీరాస్వామయ్య.

వీరాస్వామయ్య చెన్నపట్టణమువాడు. బాల్యముననే తండ్రి గతించెను. ఆ బాలుడు అధైర్యపడక పట్టుదలతో ఇంగ్లీషు నేర్చి, చిన్నతనముననే కొలువున ప్రవేశించెను. క్రమముగా చెన్నపట్టణపు సుప్రీంకోర్టులో దుబాసీ పదవి నందుకొని, గొప్ప పేరు గాంచెను.

1830వ సంవత్సరము మే 18వ తేదీన ఆయన కాశీయాత్రకు బయలుదేరెను. వెంట ఇంచుమించు నూరుమంది పరివారము, బోయీలు, డేరాలు ఉండెను. తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్పూరుల మీదుగా ప్రయాణము సాగెను. నల్లమల అడవులు దాటిన కొలదినాళ్లకే వర్షకాలము వచ్చెను. కృష్ణ, గోదావరి, నర్మద దారికడ్డముగా నుండెను.

ఆదోని, ఆలూరు ప్రాంతముల పిల్లలకు నల్లరేగడినేల సంగతి చెప్పనక్కరలేదు. ఒక్క వాన కురిసిన చాలును, అడుగు తీసి అడుగు వేయుట కష్టము. దక్కను దారులలో అట్టి నేలయే విస్తారము. ఎండి పడియున్న వాగు, ఎగువన కురిసిన వానకు క్షణములో ఏరై పారును. పల్లమున వేసిన డేరా నీటిపాలగును. మెరపులవేళ ఒంటిచెట్టు క్రిందికి పోయినవాడు పిడుగును పిలిచినట్లే. నాయకుడు ఏమరినచో నూరుగురి ప్రాణములకు ముప్పు.

వీరాస్వామయ్యకు అక్కరకు వచ్చినది ధనము మాత్రమే కాదు. దారిని గూర్చిన ఎరుక. ఒక మజిలీకి మరియొక మజిలీ ఎంత దూరము, దారి రాతినేలయా, రేగడియా, నడుమ ఏ వాగులున్నవి, దిగుటకు తావున్నదా, మంచినీరు, వస్తువులు దొరకునా అను విషయముల నాయన శ్రద్ధగా గమనించెను. తాను తెలిసికొనినది తనతోనే పోనీయక, మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లకు వ్రాసి పంపుచుండెను.

కాశి, గయ, కలకత్తా, జగన్నాథములు చూచి, సముద్రతీరపు మార్గమున 1831వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన ఆయన చెన్నపట్టణము చేరెను. 1836వ సంవత్సరమున పరమపదించెను. శ్రీనివాసపిళ్ల ఆ వ్రాతలను 1838వ సంవత్సరమున కాశీయాత్రచరిత్రయను పేర ప్రకటింపజేసెను. దిగవల్లి వేంకటశివరావు 1941వ సంవత్సరమున దానిని మరల ప్రకటించెను.

నేడు తుపాను రాకను వాతావరణశాఖవారు ముందుగనే తెలుపుచున్నారు. అయినను అడవులకు, కొండలకు పోవువారు ఆ హెచ్చరికను వినవలెను. వాగుప్రక్కన విడిది చేయరాదు. వరద తీయువరకు ఓపికపట్టవలెను. ఒకనాడు ఆలస్యమైనంత మాత్రమున యాత్ర చెడదు. దారి నెరిగి నడచుటయు, ఎరిగినదానిని తోటివారికి తెలుపుటయు వీరాస్వామయ్య జీవితమునుండి మనము నేర్వదగిన పాఠములు.