గాల్వానీ కప్ప, మా నాన్నమ్మ కాలు

మా నాన్నమ్మకి సయాటికా. నడుం దగ్గర మొదలై మడమ దాకా నరం లాగేస్తుంది. ఇప్పటికే వాడుతున్న మందులకు తోడు నొప్పి మాత్రలు ఎక్కువైతే కిడ్నీలకు మంచిది కాదన్నారు డాక్టరు గారు. టెన్స్ మెషిన్ పెట్టి చూద్దామన్నారు ఫిజియోథెరపిస్టు. కరెంటు అనగానే నాన్నమ్మ ససేమిరా అంది. ఒంట్లోకి కరెంటు ఎందుకురా అని ట్రిపుల్ ఈ చదివే నన్నే అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ జవాబు వెతుకుతుంటే దొరికినవాడు లుయీజీ గాల్వానీ. ల్యాబ్‌లో గాల్వనోమీటర్ పేరులో తప్ప మనం పట్టించుకోని మనిషి.

1737లో ఇటలీలోని బొలోనాలో పుట్టాడు. వైద్యం చదివి, ఆ ఊరి యూనివర్సిటీలోనే అనాటమీ పాఠాలు చెప్పాడు. తన గురువు గలియాజ్జి కూతురు లూచియాని పెళ్ళి చేసుకున్నాడు. ప్రయోగాల్లోనూ ఆమె తోడుండేది.

ఒకసారి సహాయకుడు కోసిన కప్ప నరానికి కత్తిమొన తాకించాడు. సరిగ్గా అప్పుడే పక్కనున్న విద్యుత్ యంత్రం నుంచి నిప్పురవ్వ ఎగిరింది. చచ్చిన కప్ప కాలు తన్నింది! గాల్వానీ దాన్ని వదల్లేదు. 1786లో కప్ప కాళ్ళని కొక్కేలకు గుచ్చి ఇనుప కమ్మీలకు తగిలిస్తే, మెరుపు లేకుండానే అవి అదిరాయి. జంతువు ఒంట్లోనే కరెంటు ఉందని 1791లో ప్రకటించాడు.

మొదట మెచ్చుకున్న వోల్టా తర్వాత ఎదురుతిరిగాడు. కరెంటు పుట్టేది రెండు వేరు వేరు లోహాలు కలిసినందుకే, కప్ప కాలు వట్టి మీటర్ లాంటిదని ఆయన వాదన. గాల్వానీ లోహమే లేకుండా నరాన్ని కండరానికి తాకించి కాలు కదిలించాడు. షాక్ కొట్టే టార్పెడో చేపల కోసం 1795లో ఏడ్రియాటిక్ తీరానికి వెళ్ళాడు. తలనొప్పికీ, గౌట్‌కీ బతికున్న ఆ చేపనే వాడమని రోమన్ వైద్యుడు స్క్రిబోనియస్ లార్గస్ మొదటి శతాబ్దంలోనే రాశాడు. అంటే నాన్నమ్మ వైద్యం కొత్తదేం కాదు.

చివరి రోజులు బాగా సాగలేదు. లూచియా అప్పటికే లేదు. నెపోలియన్ పెట్టిన రిపబ్లిక్‌కి విధేయంగా ఉంటానని ప్రమాణం చేయనన్నందుకు ఉద్యోగం పోయింది. 1798 డిసెంబరు 4న కన్నుమూశాడు. 1800లో వోల్టా బ్యాటరీ వచ్చాక గెలుపు వోల్టాదే అనుకుంది లోకం. నిజానికి ఇద్దరూ చెరిసగం కరెక్టే. లోహాలు కరెంటు పుట్టిస్తాయి, నరాలూ పుట్టిస్తాయి. సోడియం, పొటాషియం అయాన్లు నరం పొర దాటడమే ఆ కరెంటు.

నొప్పి కబురు కూడా ఆ కరెంటుగానే వెన్నుపాముకి చేరుతుంది. అక్కడ గేటు లాంటిది ఉందని 1965లో మెల్జాక్, వాల్ చెప్పారు. స్పర్శని మోసే లావు నరాలని చిన్న చిన్న పల్స్‌లతో కదిలిస్తే, సన్న నరాల నొప్పి కబురుకి ఆ గేటు కొంత మూసుకుంటుంది. దెబ్బ తగిలినచోట మనం రుద్దుకోవడం లాంటిదే. టెన్స్ చేసేదీ అదే.

ఇదంతా నాన్నమ్మకి కప్ప కథగా చెప్పాను. ఒప్పుకుంది. ప్యాడ్లు అంటించాక చీమలు పాకినట్టుందంది. ఇరవై నిమిషాల తర్వాత లేచి వంటింటి దాకా నడిచింది. సాయంత్రానికి నొప్పి మళ్ళీ వచ్చింది. ఇది జబ్బు తగ్గించేది కాదు, కాసేపు ఊరటనిచ్చేది. అందరికీ పనిచేయదు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా ముట్టుకోకూడదు.

అయినా ఆ రోజు నాన్నమ్మ ఒక నొప్పి మాత్ర మానేసింది. ఇప్పుడు మెషిన్ పెట్టే ముందు, ఆ కప్ప మాస్టారు చివరికి ఏమయ్యాడని మళ్ళీ అడుగుతుంది. ఉద్యోగం పోయిన సంగతి చెప్పినప్పుడల్లా నొచ్చుకుంటుంది.