ఒసిస్కో సరస్తీరాన ఎడ్మండ్ హార్న్

కెనడా దేశపు గనుల చరిత్రలో ఎడ్మండ్ హార్న్‌కు ప్రత్యేక స్థానమున్నది. ఆయన బంగారం కొరకు అడవులు పట్టి తిరిగినవాడు. తుదకు ఆయన చేయి తగిలినది రాగి కొండకు. ఆ రాగితోపాటే ఆయన వెదకిన బంగారం కూడా కలిసియుండుట ఈ కథలోని విశేషం. అయితే ఆ సంగతి లోకానికి తెలియడానికి ఆయన తొలి యాత్ర మొదలు పన్నెండేళ్ళు పట్టింది.

హార్న్ స్వస్థలం అట్లాంటిక్ తీరంలోని నోవాస్కోషియా రాష్ట్రానికి చెందిన ఎన్‌ఫీల్డ్ గ్రామం. ఆ పరిసరాలలో చిన్న చిన్న బంగారు గనులు ఉండేవి. రాళ్ళను పరిశీలించే విద్య ఆయనకు ఆ గనులలోనే అబ్బింది. 1908 ప్రాంతాలలో ఆయన ఉత్తర ఒంటారియో చేరాడు. ఆ రోజులు అక్కడ కోలాహలపు రోజులు. 1903లో కోబాల్ట్ వద్ద వెండి, 1909లో పోర్క్యుపైన్ వద్ద బంగారం బయటపడ్డాయి. దేశదేశాల నుండి అన్వేషకులు గుడారాలు, గునపాలు మోసుకొని తరలివచ్చారు. వారిలో పలువురు అప్పటికే దొరికిన గనుల చుట్టూ ఈగలవలె మూగారు. హార్న్ మాత్రం తూర్పుదిక్కుకు చూశాడు.

తూర్పున ఉన్నది క్వెబెక్ రాష్ట్రం. భాష వేరు, చట్టాలు వేరు, రహదారులు లేవు. బంగారం ఒంటారియో సరిహద్దుతో ఆగిపోతుందన్నట్లు నాటి అన్వేషకులు, పెట్టుబడిదారులు ప్రవర్తించేవారు. సరిహద్దు గీత మనుషులు పటం మీద గీసినదే గాని శిలలకు దానితో పనిలేదని హార్న్ నమ్మకం. ఒంటారియోలో బంగారం కలిగిన పచ్చని ప్రాచీన శిలలు గీత దాటి తూర్పునకు సాగిపోతున్నప్పుడు లోహం మాత్రం ఎందుకు ఆగిపోవాలి? ఈనాడు ఇది పసిపిల్లలకు కూడా తోచే తర్కమనిపిస్తుంది. ఆనాడు దానిపై డబ్బు పెట్టేవాడు లేడు.

1911లో ఆయన తేలికపాటి పడవలో నదులు, సరస్సుల మీదుగా ప్రయాణించి ఒసిస్కో సరస్సు చేరాడు. త్రెమోయ్ సరస్సు అన్న పేరు కూడా దానికుండేది. నీరు లేనిచోట పడవను భుజాన మోయాలి, వేసవిలో దోమలు, నల్ల ఈగలు నిలువనీయవు, చలికాలమంతా మంచు. హిమానీనదాలు పూర్వం ఆ నేలను ఒరిపిడి పట్టి, బంకమట్టి, బురదనేలలు మిగిల్చిపోయాయి. శిల పైకి కనిపించేది అక్కడక్కడ మాత్రమే. అట్టి ఒక చోట, సరస్సు ఒడ్డున, తుప్పు పట్టినట్లు ఎర్రబారిన రాయి ఆయన కంటబడింది. పగులగొట్టి చూస్తే లోపల ఇనుము, గంధకం కలిసిన పసుపువన్నె పైరైటు. నమూనాలలో బంగారం పాలు స్వల్పమే. ఎవరూ ఆకర్షితులు కాలేదు. ఆయన 1914లో మళ్ళీ వెళ్ళాడు, 1917లో మళ్ళీ వెళ్ళాడు. ప్రపంచయుద్ధపు రోజులలో గని అన్వేషణకు పెట్టుబడి దొరకడం దుర్లభం. అదే రాయి, అదే స్వల్ప ఫలితం. అయినా ఆ తావును ఆయన విడిచిపెట్టలేదు.

1920లో న్యూ లిస్కర్డ్ పట్టణానికి చెందిన కొందరు పరిచయస్తులు తలా కొంత వేసుకొని త్రెమోయ్ సరస్సు పేరిట ఒక చిన్న సంఘం ఏర్పరచారు. కూడిన మొత్తం స్వల్పమే. ఆ సొమ్ముతోనే హార్న్ సహచరునితో కలిసి వెళ్ళి, సరస్సు ఒడ్డున గుంజలు పాతి, ఆ నేలపై తవ్వకపు హక్కు నమోదు చేయించాడు. మరుసటి ఏడు హక్కులు ఇంకా విస్తరించాయి. 1922లో థామ్సన్, చాడ్‌బోర్న్ అను ఇద్దరు అమెరికన్ ఇంజనీర్ల బృందం ఆ భూమిపై ఒప్పందం చేసుకొన్నది. ఆ ఏడే నోరండా మైన్స్ అను సంస్థ వెలసింది. టొరంటో న్యాయవాది జేమ్స్ మర్డాక్ దానికి అధ్యక్షుడయ్యాడు. ఉత్తర కెనడా అను అర్థంలో కూర్చిన పేరులో ఒక అక్షరం అచ్చులో జారిపోయి నోరండా అయిందని చెప్పుకొంటారు.

1923లో వజ్రపు మొన గల బరమాతో నేలను తొలచారు. ఆ యంత్రం లోపలి నుండి నిలువెత్తు రాతి కడ్డీలను పైకి తెస్తుంది. ఆ కడ్డీలలో బయటపడినది సన్నని బంగారు తీగ కాదు. ఇత్తడి రంగున మెరిసే బరువైన రాయి. దానిలో అధికభాగం సల్ఫైడ్ ఖనిజమే, అనగా గంధకంతో కూడిన ఇనుము, రాగి. రాయిలో సగానికి మించి సల్ఫైడ్ ఉన్న ఇట్టి నిక్షేపాన్ని భూగర్భ శాస్త్రజ్ఞులు ఘన సల్ఫైడ్ నిక్షేపమంటారు. ఒకటి కాదు, పలు ముద్దలు దొరికాయి. వాటికి ఆంగ్లాక్షరాలతో పేర్లు పెట్టారు. అన్నిటిలో పెద్దది హెచ్ అను ముద్ద.

ఇంతటి ముద్దలు ఎట్లు పుట్టినవో హార్న్‌కు గాని, ఆ ఇంజనీర్లకు గాని తెలియదు. లోతున చల్లారిన గ్రానైటు నుండి వెలువడిన వేడి ద్రవాలే ఈ లోహాన్ని తెచ్చినవని నాటి పండితుల అభిప్రాయం. అసలు విషయం తరువాతి తరాలకు విశదమైంది. సుమారు 270 కోట్ల సంవత్సరాల క్రితం ఆ తావు సముద్రగర్భం. అగ్నిపర్వతాల లావా నీటి అడుగున పరచుకొనేది. సముద్రజలం పగుళ్ళగుండా లోనికి దిగి, కరిగిన శిలాద్రవపు వేడికి మరిగి, దారిలోని రాళ్ళ నుండి రాగి, జింకు, ఇనుములను కరిగించుకొని తిరిగి పైకి ఎగసేది. చల్లని నీరు తగలగానే లోహాలు గంధకంతో కూడి సముద్రపు అడుగునా, దాని క్రింది శిలలలోనా పేరుకొనేవి. వాటిపై మళ్ళీ లావా కప్పేది. కాలక్రమాన పొరలన్నీ మడతలుపడి నిటారుగా ఒరిగాయి. 1979లో పసిఫిక్ మహాసముద్రపు లోతులలో నల్లని పొగవలె ఖనిజజలాన్ని చిమ్మే గొట్టాలను శాస్త్రజ్ఞులు కళ్ళారా చూచిన తరువాత ఈ సిద్ధాంతానికి ప్రత్యక్ష సాక్ష్యం లభించినట్లయింది. మన కర్ణాటకలోని ధార్వాడ శిలలు కూడా ఇంచుమించు ఆ యుగపువే. కోలారు, హట్టి బంగారం అట్టి శిలలలోనే దొరికింది; చిత్రదుర్గ సమీపాన ఇంగళదాళ్ వద్ద రాగి లభించినది కూడా ప్రాచీన లావాల నడుమనే.

సల్ఫైడ్ ముద్ద విద్యుత్తును ప్రసరింపజేస్తుంది గనుక రెండవ ప్రపంచయుద్ధానంతరం విమానాల నుండే ఇట్టివాటిని పసిగట్టే పరికరాలు వచ్చాయి. హార్న్ వద్ద ఉన్నవి సుత్తి, పడవ, ఓపిక.

1927 డిసెంబరులో కొలిమి రగిలింది, రాగి పారింది. 1976లో మూతపడే నాటికి ఆ గని నుండి సుమారు 5 కోట్ల 40 లక్షల టన్నుల ఖనిజం వెలికివచ్చింది. దానిలో రాగి దాదాపు 2.2 శాతం, బంగారం టన్నుకు సుమారు 6 గ్రాములు. ఈ జాతి రాగి నిక్షేపాలలో ఇంత బంగారం ఉండడం అరుదు. పైపొరలోని స్వల్ప ఫలితాన్ని చూచి పెదవి విరిచినవారు దిగువనున్న దానిని ఊహింపజాలకపోయారు.

హార్న్ తన వాటాతో సంపన్నుడై స్వస్థలమైన ఎన్‌ఫీల్డ్ చేరుకొన్నాడు. గని చుట్టూ వెలసిన ఊళ్ళతో ఆయనకు అంతగా ప్రమేయం లేదు. అక్కడ రెండు పట్టణాలు పక్కపక్కనే పెరిగాయి: కంపెనీ తీర్చిదిద్దిన ఆంగ్లేయ వాతావరణపు నోరండా, ఫ్రెంచివారు స్వేచ్ఛగా కట్టుకొన్న రూయిన్. గని లోపలి కష్టమైన పని ఐరోపా వలస కార్మికులది. 1934లో వారు సమ్మె చేయగా అణచివేత జరిగింది. కొందరిని దేశం నుండే పంపివేశారు. రాగి లెక్కలలో ఈ పుట తరచు మరుగున పడుతుంది. 1986లో ఆ రెండు పట్టణాలు ఒక్కటై రూయిన్-నోరండా అయింది.

గని మూతపడినా హార్న్ పేరు గల ఆ కొలిమి ఆరలేదు. ఇతర గనుల ఖనిజాన్ని, పాతబడిన ఎలక్ట్రానిక్ పరికరాల తుక్కును సైతం కరిగిస్తూ వచ్చింది. దాని పొగలోని ఆర్సెనిక్ వల్ల సమీప నివాసుల ఆరోగ్యానికి కలిగే ముప్పుపై 2022లో క్వెబెక్ అంతటా తీవ్రమైన చర్చ రేగి, ప్రభుత్వం విడుదల పరిమితిని తగ్గించవలసి వచ్చింది. పాత సొరంగాల అడుగున, రాగి పాలు తక్కువైనా పరిమాణంలో మిక్కిలి పెద్దదైన మరో సల్ఫైడ్ ముద్ద ఉన్నదని పరీక్షలలో తేలింది.