పెనుకొండ బాబయ్య నడిచిన దారి

తలుపుల, కదిరి, ధర్మవరం, హిందూపురం... మన వైపు ఏ ఊరికి వెళ్లినా ఒక బాబయ్యో, ఒక ఫక్రుద్దీనో తప్పకుండా ఉంటారు. బాబయ్య అని పేరు పెట్టుకున్నవాళ్లలో హిందువులూ ఉన్నారు. ఆ పేరు పెనుకొండలో దర్గా ఉన్న హజ్రత్ బాబా ఫక్రుద్దీన్ (రహమతుల్లా అలైహ్) వారిది. దర్గాకు వెళ్లి ఫాతెహా ఇప్పించి వస్తాం గానీ, ఆయన ఎక్కడి నుంచి, ఎందుకు వచ్చారో మన పిల్లలకు చెప్పేది తక్కువ.

ఆయన సొంత దేశం సీస్తాన్. ఈనాటి ఇరాన్, అఫ్గానిస్తాన్ సరిహద్దుల్లో ఉన్న ఎడారి ప్రాంతం అది. హిల్మంద్ నది తెచ్చే నీళ్లే అక్కడ ఆధారం. ఎండాకాలంలో దాదాపు నాలుగు నెలల పాటు ఇసుక గాలులు వీస్తాయి. వాటిని అక్కడివాళ్లు 120 రోజుల గాలి అంటారు. ఆ నేలకు ఆయన రాజు అని తరతరాలుగా చెప్పుకుంటున్నారు.

ఒకరోజు దర్బారులో తగవు తీరుస్తుండగా ఒక వ్యాపారి సరుకు తెచ్చి చూపించాడట. రాజు దాని ధర, లాభాల లెక్కల్లో పడి, న్యాయం కోసం వచ్చి నిలబడిన మనుషుల్ని మరిచిపోయాడట. తేరుకున్నాక సిగ్గుపడ్డాడు. సరుకు చూసి న్యాయాన్ని మరిచినవాడికి సింహాసనం తగదనుకుని, రాజ్యం తమ్ముడికి అప్పజెప్పి ఫకీరుగా బయలుదేరాడు.

మక్కా, మదీనా జియారత్ చేసుకుని హిందూస్తాన్ దారి పట్టారని భక్తులు చెబుతారు. 13వ శతాబ్దంలో పర్షియా గల్ఫ్ రేవుల నుంచి మన తమిళ తీరానికి గుర్రాల వ్యాపారం జోరుగా సాగేది. ఆ తీరాన్ని అరబ్బులు మఅబర్ అనేవారు. ఎడారిలో బిడారులు, తీరంలో ఓడలు, ఆ తర్వాత కాలినడక. ఆ రోజుల్లో అంత దూరం రావాలంటే అదే దారి. ఇంటికి తిరిగి వెళ్తామన్న నమ్మకం ఎవరికీ ఉండేది కాదు.

అలా తిరుచిరాపల్లి చేరి హజ్రత్ నథర్ వలీ వారికి మురీదు అయ్యారు. ఆయనా రాజ్యం వదిలి వచ్చినవారే అని అక్కడ చెప్పుకుంటారు. కొన్నాళ్ల తర్వాత ముర్షిద్ ఒక ఎండు పుల్ల చేతికిచ్చి, బస చేసిన ప్రతిచోటా దీన్ని నాటు, ఎక్కడ చిగురిస్తే అదే నీ ఊరు అని పంపించారట. పచ్చని కావేరి ఒడ్డున అది చిగురించలేదు. రోజూ సాయంత్రం నాటడం, తెల్లారి పెరికి మళ్లీ నడవడం. చివరికి పెనుకొండలో చిగురు వేసింది.

ఆలోచించండి. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లా అని పేరుపడ్డది మన ఉమ్మడి అనంతపురం. ఎడారి నుంచి వచ్చిన మనిషికి అల్లా రాసిపెట్టిన చోటు మళ్లీ ఒక కరువు నేలే. ఇంకా మంచి చోటు చూసుకుందామని ఆయన ముందుకు పోలేదు. అక్కడే ఉండిపోయారు, అక్కడే పర్దా చేశారు.

తర్వాత చాలా కాలానికి, 1565లో రక్కసి తంగడి యుద్ధం ఓడిపోయాక విజయనగర రాజులు తమ రాజధానిని అదే పెనుకొండకు మార్చుకున్నారు. ఆ కోట ఇప్పుడు శిథిలం. దర్గాలో మాత్రం ఏటా గంధం, ఉరుసు జరుగుతూనే ఉన్నాయి. ముస్లింలు, హిందువులు అందరూ వస్తారు.

ఈసారి తలుపుల నుంచి కదిరి మీదుగా ఉరుసుకు వెళ్లేటప్పుడు, బస్సులో పిల్లలకు ఈ కథ చెప్పండి. ఎదుట నిలబడిన మనిషికి న్యాయం ఆలస్యం చేసినందుకు ఒకాయన రాజ్యమే వదులుకున్నాడని వాళ్లకు తెలియాలి. ఇంట్లో బాబయ్య ఉంటే, ఆ పేరు ఎంత దూరం నడిచి మన దాకా వచ్చిందో వాడికి ముందు చెప్పండి.